లాగే చుట్టు, పట్టే చుట్టు

మాడిన సాలినాయిడ్లు మూడు డిక్కీల,
నాలుగోది, కొత్తది, బండి కింద.
నీలం వాన్‌గార్డ్‌ను మా షెడ్డు ముందు ఆపి
"ఇది గూడ మాడితే తుక్కుకేస్త" అన్నడు
మిల్లు చెన్నకేశవులు సేటు.

ఓవర్‌డ్రైవ్ లేకుంటే బండి పోదా అంటే పోతది.
సాగర్ రోడ్డెక్కి స్పీడందుకున్నంక
మొత్తుకుంట పోతది, అంతే.

జానిమియా ఉస్తాద్‌కు చెవులు పోయి ఆరేండ్లు.
హారన్లు చేసీ చేసీ పోయినయంటడు,
నవ్వులాటో నిజమో నాకింకా తెల్వదు.

"తాళం తిప్పు. ఇంజనొద్దు. టాపెయ్యి. స్విచ్ కొట్టు."
గేరుబాక్సు మీద అరచెయ్యి పెట్టిండు
పిల్లగానికి జరం చూసినట్టు.
"టిక్కన్నదా సైదా?"
తల అడ్డం ఊపిన.

"యాదుంచుకో, ఈ బండిల ప్లస్సే భూమి."
టెస్ట్ ల్యాంపు పట్టుకొని కిందికి దూరిన.
ఫ్యూజు కాడ వెలిగింది బల్బు,
రిలే కాడ వెలిగింది,
రిలే దాటి గేరుబాక్సు మూత కాడికొచ్చేసరికి
గుడ్డి.
ఏ తీగె పసుపో ఏది ఎరుపో,
అన్నిటికీ మిర్యాలగూడ మట్టిరంగే.

మూత మీది బుడ్డ స్విచ్చు విప్పితే
నోటినిండ ఊక.
మిల్లు బండాయె, ఇరవై పంటల దుమ్ము.
పెట్రోలుతోటి కడిగి, ఊది, బిగించి కొడితే
టిక్.
నా చెవికన్న ముందే ఉస్తాద్ అరచేతికి ఎరుకైంది.

సేటు జేబుల చెయ్యి పెట్టిండు.
నేను గుడ్డకు చేతులు తుడుస్తున్న.
ఉస్తాద్ ఒక్కడే
ఆంమీటరును చూస్తుండు.
ముల్లు ఇరవై మీదికి పోయి
ఆడనే కూసున్నది.

"బంజెయ్! బంజెయ్!"

తర్వాత నిమ్మళంగ, బీడీ ముట్టించుకొని:
"దీంట్ల రెండు చుట్లుంటయి బిడ్డా.
ఒకటి లాగేది, లావు తీగె.
ఒకటి పట్టుకునేది, సన్నం.
లాగుడైనంక లావుది ఇడిసిపెట్టాలె.
ఇడువకుంటే మాడుతది."

మూడుసార్లు పైసలు తీసుకున్నోళ్లు
ముల్లు కిందికి దిగేదాక చూడలేదన్నట్టు.
నాలుగోదాన్ని కాపాడింది, నిజం చెప్పాలంటే,
స్విచ్చులున్న ఊకే.

లోపలి కడ్డీ ఆఖరుదాక పోతలేదు.
ఎంత తక్కువ?
గోరుమందం గూడ గాదు.

లివరు బోల్టు వదులు చేసి
డేడ్ సూత్ డ్రిల్లు బిట్టు తెమ్మన్నడు.
కడ్డీని కొసకంట తోసి పట్టుకొని
లివరు బొక్కలకెళ్లి కేసింగు బొక్కలకు
బిట్టు జారాలె.
జారలే. మళ్ల. జారలే.
మోచేతికెళ్లి ఆయిలు చంకల్లకు కారుతుంటే
నాలుగోసారికి దూరింది.
"గట్టిగ బిగియ్."

తాళం. టాప్. స్విచ్.
ముల్లు ఇరవైకెగిరి
అదే ఊపున రెండుకు పడ్డది.
ఉస్తాద్ నాకు రెండు వేళ్లు చూపెట్టిండు.

పొద్దుగూకినంక నిడమనూరు తొవ్వకు తోలినం.
సేటు స్టీరింగు కాడ, ఉస్తాద్ చెప్పులిడిసి పక్కసీట్ల,
ఎనక నేను, ఒళ్లె పానాల సంచి.
స్విచ్ పడ్డది.
ఇంజను సగం మాటల గొంతు దించింది.
కిటికీలకెళ్లి కాలువ కాడి కప్పలు ఇనబడ్డయి.
"చూస్తివా ఉస్తాద్!" అని సేటు ఒర్రిండు.
ఆయన ఇనలే.
ఒట్టి పాదాలు ఫ్లోరు మీద ఆనించి
కండ్లు మూసుకొని ఉన్నడు.

ఇంటికొచ్చి, అన్నం తినకముందే,
మాడిన మూడిట్ల ఒకదాన్ని విప్పిన.
లావు తీగె బొగ్గు.
సన్నది పై రెండు వరసలే నల్లబడ్డయి,
లోపల ఇంకా రాగి రంగే.

చుట్టకుంట చుట్టకుంట కొలిచిన.
రేపు ఒక హారన్ రిలేకు సరిపోతది.