చూపు జారాలంటే

యారాడ కొండ అంచు మీద
ఈ కొస నుంచి ఆ కొసకి
చూపుని ఒక్క గీతలా లాగి చూడండి.
రాదు.
డ్యూటీ దిగి బీచ్ రోడ్డు గోడ మీద కూచుని
ఏడేళ్ళుగా ప్రయత్నిస్తున్నాను.
కన్ను గెంతుతుంది.
లైట్‌హౌస్ మొన మీదకి ఒక గెంతు,
రాయి విరిగిన చోటికి ఇంకోటి.
మూలలన్నా మొనలన్నా దానికి యావ.
గెంతుకీ గెంతుకీ మధ్య
లోకం ఒక్క క్షణం ఆరిపోతుంది;
ఆ సంగతి మనకి తెలియనివ్వదు.

కానీ హార్బర్ కాలువలోంచి
తుప్పు రంగు ఓడ ఒకటి రానివ్వండి,
అదే కన్ను, అదే కొండ,
నూనె రాసిన తాడులా
చూపు దాని వెంట జారిపోతుంది.
కదిలేదేదో పట్టుకుని లాగాలి,
ఊరికే జారడం దానికి చేతకాదు.

మంగళవారం మైలపల్లి నూకన్న వచ్చాడు,
పక్షవాతం తగ్గిన రెండో నెల.
గడ్డం స్టాండు మీద ఆనించమని
తెర మీద ఆకుపచ్చ చుక్కని నడిపించాను.
అందరికీ వాలుగా వచ్చే గీత
ఆయనకి మెట్లు మెట్లుగా వచ్చింది.
"ఓడ గెంతుకుంటా ఎల్తంది తల్లీ.
సముద్రం సాపుగానే ఉంది.
మరి దీనికేటొచ్చింది?"
నలభై ఏళ్ళు వల కంటే ముందు
చేప నీడని పట్టిన కళ్ళు.
రిపోర్టులో రెండు ముక్కలు రాశాను,
ఆయనకి మాత్రం ఏమీ చెప్పలేదు.

ఆదివారం సింహాచలం మెట్ల దారిలో
ఒక కోతి నన్ను కొలిచింది:
సంచి, మొహం, సంచి, మళ్ళీ మొహం.
గుండ్రటి ఉబ్బు కనబడితే చాలు దానికి,
లోపల పండో, చుట్టిపెట్టిన చున్నీయో తర్వాత.
అంతలో ఎవరి పిల్ల చేతిలోంచో
గులాబీ బుడగ తప్పించుకుని
సంపెంగ చెట్ల మీదుగా లేచింది.
దాని కళ్ళూ నా కళ్ళూ
ఒకే వాలులో, ఒక్క మెట్టూ లేకుండా
పైకి పోయాయి.
బుడగ మాయమయ్యాక
ఒకరినొకరు చూసుకున్నాం, కాస్త సిగ్గుగా.
సిగ్గు నాదొక్కదానిదే కావచ్చు.
దానికి సంచి గుర్తొచ్చింది.

నిన్న నూకన్న మళ్ళీ వచ్చాడు.
మిషను ఇంకా వేడెక్కలేదు.
పోటు మీద తెప్ప కెరటాన్ని ఎలా దాటుతుందో
చెయ్యి చాపి చూపిస్తున్నాడు,
అరచెయ్యే తెప్ప,
కళ్ళు దాని వెంటే.
మెట్లున్నాయి. ఉన్నాయి గాని
తన చెయ్యి లాగుతుంటే
కాస్త పొట్టివి.

ఏ కాగితం మీదా పడలేదది.
"ఇంకోసారి దాటించవా తాతా" అన్నాను,
కుర్చీ దగ్గరికి లాక్కుని.