తలకట్టు

కంప్యూటరిచ్చే మొదటి కుంచె గుండ్రం.
పెసరగింజంత నలుపు, ఏ దిక్కూ లేనిది.
దాంతోని 'క' రాస్తే
అచ్చరం వానపామోలె పండుకుంటది.
తలకట్టు అసలే రాదు,
పప్పుబద్ద అతికించినట్టుంటది.

దేవరకొండ బస్టాండు ఎదురుంగ, రెండో అంతస్తు,
కింద మిర్చిబజ్జీల నూనెపొగ.
ఫ్లెక్సుల మిషను పండుకున్నంక
రాత్రి పది దాటితే నా యాళ్ల.
కుంచె మొనను సవరించుకుంట కూసుంట.

గుండ్రాన్ని నొక్కిన. చింతగింజయింది.
ఇంకా నొక్కిన. బియ్యపుగింజ.
పక్కకు తిప్పిన, ముప్పై డిగ్రీలు, ముప్పై అయిదు.
ఎడం పెంచితే గీత తెగి
పూసలోలె రాలింది,
తగ్గిస్తే మళ్ల తాడయింది.
గట్టితనం తగ్గిస్తే అంచులకు నూగు పట్టింది
అప్పుడే ఈనిన మేకపిల్ల చెవి తీరు.
అన్నీ బాగనే ఉన్నయి.
ఏదీ ఊశయ్య చెయ్యి కాదు.

ఊశయ్య అంటే
మర్రిగూడ తొవ్వల ప్రతి గోడ.
ఎరువుల దుకాణం, టూరింగు టాకీసు, కుటుంబ నియంత్రణ,
బత్తాయి లారీల నొసలు.
కుంచెను బ్లేడుతోని ఏటవాలుగ కోసేటోడు,
పెదవుల నడుమ తడిపి మొన చూసేటోడు.
ఆయన తలకట్టు
లేగదూడ తోకెత్తినట్టుంటది.

నిరుడు వానలకు ఒక గోడ సున్నం రాలుతుంటె
ఉరికిపోయి ఫోన్ల ఫొటో దీసిన.
అచ్చరం మీద అచ్చరం పెట్టి కొలిచిన.
నలభై ఒకటి.
ఏ తలకట్టు చూసినా నలభై ఒక్క డిగ్రీ.
ఆయన పాత కుంచె అడిగి తెచ్చి
డికాషన్ల ముంచి, కాగితం మీద ఒత్తి
ఆ మచ్చను స్కాన్ చేసి మొన చేసిన.
ఎడమ దిక్కు నాలుగు వెంట్రుకలు లెవ్వు.
ఆ సందు గూడ అట్లనే ఉంచిన.

నిన్న పిలిస్తే వచ్చిండు. పదహారు మెట్లు,
మెట్టుకోసారి ఆగుకుంట.
ప్లాస్టిక్ పెన్ను చేతికిస్తే
అలవాటుగ చాయ్ గ్లాసు అంచుకు రుద్దిండు,
లేని రంగును దులిపిండు.
ఏం రాస్తవు తాతా అన్న.
ఏం రాస్త, చేతికి ఎరికున్నదే రాస్త అన్నడు.

ఈ నీళ్లు తాగరాదు.

ఎర్రరంగు పూసిన బోరింగుల పక్కన
నాలుగు వందల సార్లు రాసిండట ఆ ముక్క.
ఒక్కోదానికి రెండు రూపాయలట.
రాసుడయినంక దూపయితే
అదే బోరింగు కొట్టుకొని తాగేటోడు.
"వేరేది యాడుండె?"

తెర దిక్కు చానసేపు చూసిండు.
అచ్చం గోడ మీది అచ్చరమే.
నేను మెచ్చుకోలు కోసం కాసుకొని ఉన్న.

"ఈ వంపు నాది కాదు బిడ్డా,
నీళ్లది.
ముప్పై ఏండ్లకే మణికట్టు బిగిసింది,
దానికి సరిపోయేటట్టు కుంచెను కోసుకున్న.
అంతకు ముందు గిట్ల లేకుండె."

ఎట్లుండె అని అడగలే. మౌసు ఇచ్చిన.
తెరమూల చిన్న వలయం, దానికొక బాణం.
మడవని వేళ్లతోని ఒక్కో డిగ్రీ తిప్పుకుంట పోయిండు,
గరగర నడుమ రేడియో టేషను వెతికినట్టు.
ముప్పై. ఇరవై నాలుగు. జర ఎనుకకు.
ఇరవై ఏడు కాడ ఆగిండు.
"గిదే."

ఒక్క తలకట్టు గీసిన.
ఏ గోడా ఎరగనిది.
ఆయన పెండ్లికి ముందటిది.

కుంచెకు పేరు పెట్టమంటది కంప్యూటరు.
రెండిట్నీ దాచిన.
నీళ్లు నలభై ఒకటి. ఊశయ్య ఇరవై ఏడు.

ఆయన దిగుతుండు. పదకొండో మెట్టు కాడ
దమ్ము తీసుకుంటున్న సప్పుడు.
కిందికెళ్లి ఎవరో కేకేస్తుండు,
బోర్‌వెల్ షాపు ఓపెనింగట,
పొద్దుగాల కల్ల ఫ్లెక్సు కావాల్నట,
నీళ్లు అన్న మాట పెద్దగ కనబడాల్నట.
ఏ కుంచె తియ్యాల్నో తెల్వక
మౌసు మీద చెయ్యి పెట్టి
కూసున్న.