బల్ల కింద

లుబ్లిన్‌లో క్రిస్మస్ ముందురోజు, మూడున్నరకే చీకటి.
మా అత్త బల్లగుడ్డ కింద ఎండుగడ్డి పరిచి
పన్నెండు వంటకాలూ లెక్క చూసుకుంటోంది.
నా లెక్క వేరు:
చెవులు మూసే హెడ్‌ఫోన్లు, బరువు దుప్పటి,
మారు బట్టలు, ఏమీ కలపని నూడుల్స్ ఒక డబ్బా.
గంట మోగించొద్దని మరిదికి రెండుసార్లు చెప్పాను.

మోగించాడు.
గ్నెవ్కో బల్ల కిందికి దూరాడు.

"రా నాన్నా, చుక్క పొడిచింది."
"ఆరేళ్లొచ్చాయి, ఇంకా ఇదేం తీరు?"
"గట్టిగా ఒక్కటంటే వింటాడు."
బీట్‌రూట్ చారు చల్లారిపోతోంది,
నా మొహం కాలిపోతోంది.

అప్పుడు లేచింది మా ఆయన నాయనమ్మ స్తెఫానియా,
ఎనభై ఎనిమిదేళ్ల మోకాళ్లతో.
అనుకోని అతిథి కోసం
ఏటా ఖాళీగా ఉంచే పళ్లెం తీసుకుని,
కుర్చీ పట్టుకుని, బల్ల కాలు పట్టుకుని
కిందికి దిగింది.

మాట లేదు.
గడ్డి పోచ పోచగా లాగుతున్న చప్పుడు.
చాలాసేపటికి
డబ్బా మూత దొర్లుకుంటూ వచ్చి
నా కాలికి తగిలింది.

పైన ఎవరో చేపముళ్లు ఏరుకుంటున్నారు.
ఆవిణ్ణి మళ్లీ ఎలా లేపాలో
తర్వాత చూసుకోవచ్చు.
నేను చెప్పులు విప్పి వంగాను.
కొంచెం జరగండి, అన్నాను.