గోడ మీద గీత

నైట్ డ్యూటీ దిగి
దర్గామిట్టలో టీ తాగుతుంటే ఫోను.
"మేడం, వేదాయపాళెంలో టూ బెడ్రూం,
ఈశాన్యం కాస్త పెరిగింది, మీ అదృష్టం."
పదకొండేళ్ళుగా అద్దె కడుతున్నదాన్ని,
నా అదృష్టం ఏ మూల పెరిగిందో
నాకు తెలీకుండా అతనికెట్టా తెలిసిందో!

ఆదివారాలన్నీ పెంచలయ్య స్కూటరు మీదే.
ప్రతి ఇంట్లోనూ నేను ముందు వంటగదిలోకి పోయి
పులుసు పొంగితే పొయ్యి వెనక గోడ
ఎట్టా కడగాలా అని చూసేదాన్ని.
ఆయన మెట్ల కిందకి పోయి
స్కూటరుకి చోటుందా అని.

ఫోను చేసినాయన కారులో ఏసీ వేసి తిప్పాడు.
అంకణం రేటు చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తాడు,
మా వార్డులో డాక్టరు
రోగి భార్యని వరండాలోకి పిలిచినప్పటి మాదిరి.
లింకు డాక్యుమెంట్లు అడిగితే
"నా మీద నమ్మకం లేదా మేడం?" అన్నాడు.
నేను అడిగింది కాగితం.

ఇంకొకాయన పెంచలయ్యకి దూరపు చుట్టం.
ఐదు వేలు టోకెన్ జేబులో వేసుకుని
"పార్టీ చెన్నైలో ఉండాడు, రాంగానే మాట్లాడదాం" అంటూ
ఆర్నెల్లు చెన్నై రైళ్ళన్నీ ఆలస్యం చేశాడు.
చుట్టరికం కదా, గట్టిగా అడగలేం.
డబ్బు సరే,
వాళ్ళమ్మాయి పెళ్ళికి పిలుపు కూడా రాలేదు.

పదహారేళ్ళు సూది పట్టిన చెయ్యి నాది.
కరెంటు పోయినా, పసిబిడ్డ గింజుకున్నా
నరం దొరికిందాకా సూది దించను.
నొక్కితే అణిగి, వదిలితే లేవాలి.
మనుషుల్ని అట్టా నొక్కి చూడటం
ఇంటికొచ్చాక ఎందుకు మర్చిపోతానో.

కామాక్షమ్మ సంగతి మా ఆయా చెప్పింది.
సంతపేటలో ఇస్త్రీ బండి పక్కన కుర్చీ,
ఒళ్ళో తాళాల గుత్తి,
ఏ చెవి ఏ ఇంటిదో దారం రంగుని బట్టి.
"రెండు శాతం. బేరమాడబాకండి.
నా చేత అబద్ధం చెప్పించబాకండి."

పెన్నకి దగ్గర్లో ఒక ఇల్లు చూపించింది.
కింది పోర్షను, లేత నీలం గోడలు,
మా లోనుకి సరిగ్గా సరిపోయే ధర.
మనసులో వంటగది కడిగేసుకున్నాను కూడా.
అప్పుడామె గుత్తిలోంచి ఒక చెవి తీసి
హాలు గోడని నా నడుమెత్తున గీకింది.
నీలం రాలింది. దాని కింద పసుపు రాలింది.
దాని కింద బురద రంగు గీత,
ఇంకాస్త గీకితే ఇంకాస్త పొడుగు.

"పొంగినప్పుడు నీళ్ళు ఇందాకా వచ్చినాయి.
ఓనరు చెప్పడు. ఈసీలో రాదు."
మరి గోడ పాడు చేశావని ఆయన తిట్టడా అంటే
"రేపు ఇంకో నీలం పూస్తాడులే" అంది.
పెంచలయ్య ఆ గీత మీద వేలు పెట్టి
కిటికీ దాకా నడిచి, వెనక్కొచ్చి
ఏం మాట్లాడకుండా స్కూటరు తీశాడు.

తొమ్మిది నెలలు పట్టింది.
పొదలకూరు రోడ్డులో రెండో అంతస్తు,
అనుకున్నదానికంటే ఒక గది తక్కువ.
అడ్వాన్సుకి ముందు కామాక్షమ్మ
తెల్లారి నాలుగింటికి నన్ను అక్కడికి రమ్మంది.
కొళాయి కింద బకెట్ పెట్టి మెట్టు మీద కూర్చున్నాం.
సెలైన్ చుక్కలు లెక్కేసే నా వాచీ చూసి
"ఎన్ని నిమిషాలు?" అంది.
ఆరు అన్నాను.
"పర్లేదు, బతకొచ్చు."

రిజిస్ట్రేషన్ రోజు కమిషను రెండుసార్లు లెక్కపెట్టుకుంది.
తాళంచెవి నా చేతిలో పెట్టబోతూ ఆగి
ఆకుపచ్చ దారం విప్పి తీసుకుంది,
ఇంకో ఇంటికి కావాలంట.

ఆ రాత్రి పెంచలయ్య
తలుపు వెనక గోడని చెవితో గీకుతున్నాడు.
రెండో అంతస్తయ్యా అన్నా వినడే!
తెల్లటి పొడి రాలింది, అంతే.
చీపురు ఇంకా మూటలోనే ఉంది,
చేత్తోనే ఎత్తాను,
నా ఇంటి మొదటి చెత్త.