నీరు పాతబడేదాకా

పోయినసారి మూడు గోల్డు చేపలు,
నాలుగు రోజులు.
బుధవారం చివరిది వెల్లకిలా తేలింది.
మౌక్తిక బడి నుంచి వచ్చేలోపు
క్యాలెండర్ కాగితంలో చుట్టి మూడంతస్తులు దిగి
కరివేప మొక్క మొదట్లో పాతిపెట్టాను.
నీళ్ళు తేటగానే ఉన్నాయి కదా
అనుకుంటూ పైకెక్కాను.

"ఆ తేటనే చంపిందమ్మా," అన్నాడు
చాదర్‌ఘాట్ సందులో సర్వర్ భాయ్.
"కొత్త నీళ్ళకు ఎవరినీ సాకుడు రాదు."
తన పాత తొట్టి ఫిల్టర్లో చెయ్యి పెట్టి
నల్లటి స్పాంజి ముక్క ఒకటి పీకి
తడి ఆరకుండా కవర్లో కట్టిచ్చాడు.
"ధోనా మత్. మురికి అనుకోకు.
పాలకు తోడెయ్యవా? గిది గంతే."

ఆటోలో నల్లకుంట దాకా
ఒళ్ళో పెరుగు గిన్నె పెట్టుకున్నట్టే కూచున్నాను.

నల్లా నీళ్ళు, రాత్రంతా బకెట్లో,
క్లోరిన్ వాసన పోయేదాకా.
కడిగిన ఇసుక. గుర్రుమనే ఫిల్టరు.
రోజూ పొద్దున చిటికెడు మేత,
ఎవరూ లేని నీళ్ళలోకి.
మేత మురగాలి. మురిగితే విషం పుట్టాలి.
విషం పుడితేనే దాన్ని తినేవాళ్ళు పుడతారు.

ఐదో రోజుకు నీళ్ళు గంజిలా తెల్లబడ్డాయి.
ఎదురింటి వసుంధర గారు తొంగిచూసి
"బర్రె లేని కొట్టంలో గడ్డేస్తున్నావేంటే!" అని
నవ్వి, ఉప్పు అడిగి తీసుకెళ్ళారు.

పగలంతా విద్యానగర్ ల్యాబులో
ఊళ్ళోవాళ్ళ రక్తం నా చేతిలో.
రాత్రి వంటగట్టు మీద
నీళ్ళ రక్తం తీస్తాను.
అయిదు చుక్కలు, మూత బిగించు, ఊపు, ఆగు.
పసుపు రావాల్సిన చోట ఆకుపచ్చ.
వారానికి ఆకుపచ్చ దిగింది,
ఇంకో గొట్టంలో వంకాయ రంగు లేచింది.
అది పద్దెనిమిది రోజులు కదల్లేదు.
రిపోర్టు చేతికిస్తే జనం నా మొహం ఎందుకు చూస్తారో
ఆ పద్దెనిమిది రోజుల్లో తెలిసింది.

అప్పుడు ఆ వాన.
శంకర్ మఠం వైపు ట్రాన్స్‌ఫార్మర్ పేలింది.
తొమ్మిదీ నలభైకి ఫిల్టరు ఆగింది.
ఇన్నాళ్ళూ ఆ గుర్రు వింటున్నానని
అది ఆగాకే తెలిసింది.

"గాలి లేకుంటే అవి సచ్చిపోతయ్," ఫోన్లో సర్వర్ భాయ్,
వెనకాల ఆయన దుకాణమూ చీకటే.
"గిలాసతోని ముంచి పైకెల్లి పొయ్యి.
నేను గూడ గదే పని మీదున్న."

స్టీలు గ్లాసు.
పసిదానికి పాలు చల్లార్చినట్టు
ఎత్తి పోశాను, ముంచాను, ఎత్తి పోశాను.
పదకొండు. పన్నెండు.
మోచెయ్యి దాకా తడి, నైటీ తడి, నేలంతా తడి.

"ఎవరికమ్మా పోస్తున్నావ్?"
నిద్రకళ్ళతో గుమ్మంలో మౌక్తిక.
పేరు ఏం చెప్పను, సూక్ష్మదర్శినిలోనూ
నేను పిలిచి ఎరగనివాళ్ళకు?
"లోపల ఉన్నవాళ్ళకి."
అది ఇంకేం అడగలేదు.
ఫోను టార్చి వెలిగించి స్టూలు ఎక్కి పట్టుకుంది.
కాసేపయ్యాక,
"వాళ్ళు పడుకోరా?"
"తెలీదు."
"అయితే మెల్లగా పొయ్యి."

కరెంటు ఒకటిన్నరకు వచ్చింది.
ఫిల్టరు ఒకసారి దగ్గి, అందుకుంది.
అప్పటిదాకా ఇంట్లో ఇద్దరమే అనుకునేదాన్ని.

ముప్పై తొమ్మిదో రాత్రి
ఒక గొట్టంలో ముగ్గిన నిమ్మకాయ పసుపు,
ఒక దాంట్లో వాన వెలిసిన ఆకాశం.
మళ్ళీ చూశాను. మళ్ళీ అదే.
అద్దం లోపల అంచున గోధుమరంగు నాచు,
ముట్టుకుంటే జారుతోంది.
నీళ్ళకు తడిసిన మట్టి వాసన.
సగం తోడి పారబోసి, కొత్త నీళ్ళు కలిపి,
చేతులు కడుక్కోవడం మర్చిపోయి అన్నం తిన్నాను.

ఆదివారం చాదర్‌ఘాట్.
సర్వర్ భాయ్ వల పట్టుకుని
"ఎన్ని గావాలె బేటా? మూడా, నాలుగా?"
మౌక్తిక తొట్లన్నీ చూసి, నన్ను చూసి,
ఒక్క వేలు చూపించింది.
"ఒకటే. లోపల ఉన్నవాళ్ళకి
అలవాటు కావాలి కదా."