తళుకు

ఫెలోషిప్ డబ్బు మూణ్ణెల్లు ఆలస్యంగా పడింది.
ముందు మెస్ బాకీ,
తర్వాత లండన్ నుంచి తెప్పించిన ఫొటో:
పదమూడు వందల ఏళ్ళు మట్టిలో పడుకున్న
ఆంగ్లో-శాక్సన్ బిళ్ళ.
ఇరుకు బంగారు గదుల్లో ఎర్రరాళ్ళు.

"ఇంత వెలుగెక్కడిది?" అన్నారు గైడు.
నాకు తెలీదు.

నగరత్‌పేట సందులో, మూడో మెట్టు విరిగిన మేడ మీద
కాళప్పాచారి ఊదుగొట్టం పక్కన పెట్టి
ఫొటోని ట్యూబ్‌లైటు కింద తిప్పాడు.
"రాయి కింద గీతల రేకు పరిచాడమ్మా. మేమూ అంతే.
ఇదిగో, ఈ మూల చెయ్యి వణికింది వాడికి."
పక్క కొట్టువాణ్ణి అన్నట్టే అన్నాడు.

నేను చదివిన వాటిలో ఎక్కడా ఆ వణుకు లేదు.

థీసిస్‌లో ఆధారం చూపమన్నారు:
గ్రంథం, పుట, సంవత్సరం.
రాశాను:
కాళప్పాచారి, నగరత్‌పేట,
మూడో మెట్టు జాగ్రత్త.