మెడలో టేపు

రెసిఫెలో, ఇబురా గుట్టమీద,
ఎడిలెనీ కుట్టుమిషను పక్కన
లాప్‌టాప్ తెరిచాను.
జికా మీద లోకమంతా రాసిన పేపర్లు
ఏడాదికో చుక్క పెట్టి కలిపిన గీత.
రయానీ పుట్టిన మరుసటేడు జివ్వున లేచి
ఆపైన జారుడుబండ.

"ఇక్కడే కదూ," శిఖరం మీద వేలు పెట్టింది,
"సందు పొడుగునా కార్లు.
దీని తల కొలవడానికి వరస కట్టారు.
జపాను నుంచి కూడా ఒకాయన."

వేలు జారింది.
ఇక్కడ మొదటి మూర్ఛ.
ఇంకాస్త కిందికి, తుంటి ఆపరేషను.
గీత నేలకానే చోట
చక్రాల కుర్చీ ఇరుకైంది.

వాళ్ళలో ఎవరో మరిచిపోయిన టేపు
ఇప్పటికీ ఆమె మెడలోనే.
పిల్ల ఛాతీ చుట్టూ తిప్పి
"రెండు వేళ్ళు పెరిగావే!" అని
పూలగుడ్డ మీద సుద్దతో గీసుకుంది.

నన్ను రాసుకోమనలేదు.